పాలు కాని పాలు

నాలుగున్నరైంది. గద్వాల నుంచి మీరొచ్చిన ఆటో మిమ్మల్ని దింపి వెనక్కి మళ్ళింది. ఊరి పేరు అవసరం లేదు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ నడిగడ్డలో ఇలాంటి ఊళ్ళు బోలెడు. కొట్టం ముందు నిలబడగానే తడిసిన వరిగడ్డి వాసన, పేడ వాసన, వాటి కింద వెచ్చగా, కాస్త నెత్తురు కలిసిన ఇంకో వాసన. రాత్రి బర్రె ఈనింది.

లోపల ఒకటే బల్బు. దాని చుట్టూ పురుగులు. బర్రె మెడ తిప్పి దూడను నాకుతోంది. దూడ లేస్తుంది, ముందుకాళ్ళు మడతపడి కూలబడుతుంది, మళ్ళీ లేస్తుంది. అవ్వ దాని మూతిని పొదుగు దగ్గరికి పట్టి చన్ను నోట్లో పెడుతోంది. కోడలు ఇత్తడి చెంబు పట్టుకుని పక్కన కాచుకుని ఉంది. మీరు ఫోన్ తీసి ఫొటో పట్టబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఆగు బిడ్డా. దాని బిడ్డ తాగినంకనే మనకు. దిష్టి తగుల్తది, ఆ ఫోను లోపల పెట్టుకో."

ఫోను లోపల పెట్టుకుంటారు. దూడ తోక ఊగడం మొదలైంది. పాలు దిగుతున్నాయనడానికి అదే గుర్తు.

"మాయ పడ్డదా?" అని గోడ అవతలి నుంచి ఎవరో అడిగారు. "నడిజాముకే పడ్డది" అని కోడలి జవాబు. మాయ పడేదాకా చుక్క పాలు పిండకూడదనీ, దూడను కూడా తాగనివ్వకూడదనీ చాలా ఊళ్ళలో నమ్మకం. పశువైద్యులు తలపట్టుకునేది ఇక్కడే. రోగాల్ని అడ్డుకునే సరుకు మనుషుల్లో తల్లి కడుపులో ఉండగానే బిడ్డకు చేరుతుంది. ఆవులో, బర్రెలో మాయ దాన్ని దాటనివ్వదు. దూడకు అదంతా ఈ మొదటి పాలతోనే రావాలి, అదీ పేగు తలుపు తెరిచి ఉన్నంతసేపే. గంటలు గడిచేకొద్దీ ఆ తలుపు మూసుకుంటూ పోయి, ఒక రోజు దాటితే పూర్తిగా మూతపడుతుంది. ఈ అవ్వకు ఆ లెక్కలేవీ తెలియవు. అయినా మాయ కోసం ఆగలేదు. "దానికి ఆకలైతది గద" అంది, అంతే.

ఇప్పుడు కోడలు కూర్చుంది. మొదటి ధార చెంబు అడుగున పడ్డప్పుడు మామూలు పాలలా మోగలేదు. నూనె పోసినట్టు మెత్తగా దిగింది. చెంబు వంచి చూపిస్తే మీగడ రంగులో, వేలికి అంటుకునేంత చిక్కగా ఉన్నాయి. ఆవుదైతే పచ్చగా పసుపు కలిపినట్టుండేవి. పుస్తకాల్లో వీటిని ముర్రుపాలంటారు. ఇక్కడ జున్నుపాలు అంటేనే తెలుస్తుంది.

"ఇవి అమ్మేటివి కావు బిడ్డా" అంటోంది అవ్వ, మీరు అడక్కుండానే. కోడలికి వినపడాలనే ఆ మాట. "పంచేటివి. మొదలు దేవునికి, ఆమీద ఇరుగుపొరుగుకు. పోసిన గిన్నె ఉత్తగ తిరిగిరాదు, ఇంత బెల్లమో బియ్యమో ఏసి ఇస్తరు. నా అత్త గిట్లనే చేసె, నేను గిట్లనే చేస్తి."

కోడలు తలెత్తలేదు. "అప్పుడు ఇంటింటికి బర్రెలుండె అత్తా. ఇప్పుడు లేనోళ్ళు ఏం చెయ్యాలె? కొనుక్కొని తింటరు. ఉత్తగ పోస్తే దాణా బస్తా ఎవరిస్తరు?"

ఈ ఇంట్లో ఇది కొత్త తగాదా కాదని మీకు అర్థమవుతుంది. బర్రెకు కూడా తెలిసినట్టే ఉంది, చెవులైనా కదపలేదు.

ఆరు గంటలకు పాలకేంద్రం. ఒక గది, ఒక మిషను, ఒక కాటా, నలభై లీటర్ల క్యాన్లు వరసగా. ఇంట్లో ఉన్న రెండో బర్రె పాలు తెచ్చింది కోడలు. కేంద్రం నడిపే కుర్రాడు చిన్న గ్లాసుతో పాలు తీసి మిషను కింద పెట్టాడు. వెన్న శాతం, వెన్న కాక మిగిలిన ఘనపదార్థం, వాటిని బట్టి రేటు. చీటీ చర్రున బయటికొచ్చింది. ఈనిన సంగతి అప్పటికే ఊరంతా పాకింది కాబట్టి అతను చెంబులోకి అనుమానంగా తొంగి చూశాడు.

"అక్కా, ఇండ్ల అవి కలపలే గద?"

"నీ పాడుగాను, కలుపుతనా?"

నవ్వాడు గానీ వదల్లేదు. గాజు గొట్టంలో కాసిన్ని పాలు పోసి, పట్టకారుతో పట్టుకుని స్పిరిట్ దీపం మీద పెట్టాడు. పాలు పొంగి పైకొచ్చాయి. పలగలేదు. "ఒక్క చెంబు జున్నుపాలు చాలు సార్, పైన చిల్లింగ్ సెంటర్‌ల క్యాను మొత్తం ఎన్కకు కొడ్తరు" అన్నాడు మీ వైపు తిరిగి. మామూలు పాలు ఎంత మరిగించినా గడ్డకట్టవు. వాటిలో ఎక్కువగా ఉండే కేసీన్ అనే మాంసకృత్తి మంటకు తట్టుకుంటుంది. ముర్రుపాలలో రోగనిరోధక మాంసకృత్తులు కిక్కిరిసి ఉంటాయి. వేడి తగలగానే అవి ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. ఆవు మొదటి పిండుడులో మాంసకృత్తులు మామూలు పాలకంటే దాదాపు నాలుగింతలు. గాజు గొట్టంలో దోషమయ్యేదే గిన్నెలో జున్నవుతుంది.

చట్టం కూడా ఈ కుర్రాడి పక్కనే నిలబడింది. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన ప్రమాణాల నియమాలు పాలంటే ఏమిటో చెబుతాయి. ఆరోగ్యంగా ఉన్న పశువును పూర్తిగా పిండగా వచ్చినవి, ఏమీ కలపనివి, ఏమీ తియ్యనివి, ముర్రుపాలు లేనివి. చివరి ముక్క చూశారా? ఇందాక ఇత్తడి చెంబులో మీరు చూసినవి ఢిల్లీ లెక్కలో పాలే కావు. అమ్మకూడదని అవ్వ అంటుంది, వీటి పేరు పాలు కాదని చట్టం అంటుంది. ఇద్దరి కారణాలకూ ఎక్కడా పొత్తు కుదరదు. ఆ ఇద్దరి సందులోంచి దాణా బస్తా ధర చూసుకుంటూ కోడలు నడుస్తోంది.

వంటింట్లో పొయ్యి రాజుకుంది. కోడలి చేతులే చూడండి, కళ్ళు తిప్పకండి. ఒక గ్లాసు జున్నుపాలకు మూడు గ్లాసుల మామూలు పాలు. మొదటి పిండుడు కాబట్టి మూడు. రేపటివైతే రెండు, ఎల్లుండివైతే ఒకటే, ఆ తర్వాత ఏం చేసినా గట్టిపడదు. బెల్లం దంచి పాలలో వేసి చేత్తో కలిపింది, చిక్కంలో వడగట్టింది. బెల్లంలోని ఇసుక చిక్కంలో నల్లగా మిగిలింది. మిరియాలు రోట్లో పడ్డాయి, రెండు దెబ్బలకు పగిలాయి. "మెత్తగ నూరొద్దు, పంటి కింద పడాలె" అంది. యాలకులు రెండే. పెద్ద గుండులో నీళ్ళు పోసి, లోపల చిన్న గిన్నె దించి, దాని మీద పళ్ళెం, పళ్ళెం మీద రాయి. ఆవిరి నీళ్ళు జున్నులో పడకుండా పళ్ళెం కింద తడి గుడ్డ.

అరగంట. నీళ్ళు గుడగుడమంటుంటే గిన్నె ఠకఠకా కొట్టుకుంటోంది. మూత తీసి చీపురుపుల్ల గుచ్చింది (కడిగిన పుల్లే, కంగారుపడకండి). పుల్ల పొడిగా వచ్చింది. పైన ముదురు గోధుమరంగు పొర, దాని మీద మిరియపు ముక్కలు. గిన్నె కదిపితే మొత్తం ఒక్కటిగా వణికింది.

ఆ వణుకుతున్నదాన్ని చెంచాడు తీసి మీ చేతిలో పెడుతుంది. కాలుతుంది. ఊదుకుని నోట్లో వేసుకోండి. మొదట బెల్లం, తర్వాత పాలకూ గుడ్డుకూ మధ్యలో ఎక్కడో ఉండే రుచి, చివర్న మిరియం. చెంచా పెట్టిన చోట పలచటి నీరు ఊరి గుంట నిండింది.

ఇక్కడొక తమాషా ఉంది. మన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో చీజ్ అన్న మాటకు జున్ను అనే అర్థం ఇస్తారు. బడిపుస్తకాల్లో ఎలుక తినేది జున్నే. ఎన్ని తరాల పిల్లలు ఆ ఎలుకకు బెల్లం, మిరియాలు వేసిన జున్ను దొరికిందని అసూయపడ్డారో! రెండూ పాలు గడ్డకడితే వచ్చేవే గానీ దారులు వేరు. చీజ్‌ను రెన్నెట్‌తో తోడుపెట్టి విరుస్తారు. పాత పద్ధతిలో ఆ రెన్నెట్ పాలు తాగే దూడ నాలుగో కడుపులోంచి తీసేది. మన నియమాలు దాన్ని ఒప్పుకోవు, జంతువుల నుంచి తీయని రెన్నెట్ వాడాలంటాయి. జున్నుకు తోడు అక్కర్లేదు, నిప్పు చాలు. దూడ కడుపు ముందే నిండింది కూడా.

పచ్చిపాల చీజ్ మీద దేశానికో మాట. ఫ్రాన్సు రోక్‌ఫోర్ చీజ్‌కు గొర్రెపాలు పచ్చివే వాడాలి, కాస్తే ఆ పేరు పెట్టుకోనివ్వరు. అమెరికా 1949లో ఒక గీత గీసింది. పచ్చిపాలతో చేసిన చీజ్‌ను 1.7 డిగ్రీలకు తగ్గని చల్లదనంలో కనీసం 60 రోజులు మాగబెట్టాకే అమ్మాలి. ఉప్పు, పులుపు, ఆరుదల కలిసి సూక్ష్మజీవుల పని పడతాయన్న నమ్మకం. కొన్ని మొండి క్రిములు ఆ 60 రోజుల్నీ దాటి బతుకుతాయని తర్వాత తేలింది. ఈ వంటింట్లో 60 రోజులన్న మాట ఎత్తితే నవ్వుతారు. జున్ను రేపటికి పులుస్తుంది.

శనివారం కాబట్టి కోడలు పెబ్బేరు సంతకు బయల్దేరింది. థర్మాకోల్ డబ్బాలో అడుగున ఐసు, దాని మీద పలచటి ప్లాస్టిక్ డబ్బాలు ముప్పై. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా, అక్కణ్ణించి హైవే. బస్సు బీచుపల్లి వంతెన ఎక్కగానే సగం మంది కిటికీ వైపు తిరిగి ఆంజనేయస్వామికి దండం పెట్టారు, ఆమె కూడా పెట్టి డబ్బా మూత మీద చెయ్యి వేసుకుంది. కింద కృష్ణ.

సంతలో దుమ్ము మోకాళ్ళదాకా లేస్తోంది. గొర్రెలు ఒకవైపు, ఎడ్లు, బర్రెలు ఒకవైపు. చూడి బర్రె పొదుగు కింద చెయ్యి పెట్టి బరువు చూస్తున్నవాడు, దవడ విప్పి పళ్ళు లెక్కిస్తున్నవాడు, తువ్వాల కింద వేళ్ళతో బేరమాడుతున్న ఇద్దరు. కోడలు ఒక వేపచెట్టు నీడ పట్టింది. అరవదు. డబ్బా మూత సగం తీసి పెడుతుంది, చాలు.

మొదట వచ్చినవాడే అడిగాడు. "అసలుదేనా, చైనా గ్రాసా?"

ఆమె మాట్లాడకుండా ఒక డబ్బా తీసి చెంచాతో గండి కొట్టింది. లోపల గుండుసూది పొడిచినంత బొక్కలు, అంచున ఊరుతున్న నీరు. చైనా గ్రాస్, అంటే సముద్రపు నాచు పొడితో గట్టిపరిచింది అద్దం ముక్కలా నున్నగా తెగుతుంది, నీరు ఊరదు. ఆ పొడి విషమేమీ కాదు, ఐస్‌క్రీముల్లో, జెల్లీల్లో అందరం తింటున్నదే. కానీ పాలపొడిని దానితో గట్టిపరిచి జున్నని పేరు పెట్టి అమ్మడం మోసమే. అతను తిని రెండు డబ్బాలు కట్టించుకున్నాడు. "మా అమ్మకు పాణం బాలేదు, జున్ను జున్ను అంటున్నది" అన్నాడు డబ్బులిస్తూ.

రద్దీ తగ్గాక ఆమె మిమ్మల్ని అడిగింది. "అన్నా, హైదరాబాద్‌ల మయోనైజ్ బంద్ పెట్టిరి గద. గిట్లనే జున్ను గిన బంద్ పెడ్తరా?"

ఆమె చెబుతున్నది 2024 అక్టోబరు 30 సంగతి. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. అది వండనిది, ఇది అరగంట ఆవిరి పట్టింది అని మీరు చెబుతారు. పాలను 63 డిగ్రీల దగ్గర అరగంట, లేదా 71.5 దగ్గర 15 సెకన్లు ఉంచితే పాశ్చరైజ్ చేసినట్టే లెక్క. ఆమె గుండులో వేడి అంతకు మించే ఉంది. అసలు ముర్రుపాలను డెయిరీ మిషన్లో పోసి పాశ్చరైజ్ చేద్దామన్నా కుదరదు, గొట్టాల్లోనే జున్నయి కూర్చుంటుంది. ఆమె పొయ్యి మీద జరిగేదే దానికి తగిన పద్ధతి. ఆమె వింది. "మరి ఆ లైసెన్సు కాయితం సంగతి జర కనుక్కోరాదె, వనపర్తి పోతవు గద" అంది.

వనపర్తి. పాత సంస్థానం రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. బస్టాండు దగ్గర పిజ్జా కొట్లో కుర్రాళ్ళు చీజ్‌ను మూరెడు తీగలా సాగదీసి ఫొటోలు పట్టుకుంటున్నారు. ఆ చీజ్ పాకెట్ మీద పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు, పాశ్చరైజ్ చేసిన పాలు అన్న మాట, గడువు తేదీ, అన్నీ ఉన్నాయి. పక్క సందులో మీసేవ.

ఆపరేటరు విసుక్కోకుండా చెప్పాడు. 2011 నియమాల ప్రకారం చిన్న వ్యాపారం చేసేవాళ్ళకు లైసెన్సు అక్కర్లేదు, నమోదు చాలు. ఏడాదికి ఫీజు 100 రూపాయలు. ఫొటో, ఆధార్. సహకార సంఘంలో సభ్యులై పాలన్నీ సంఘానికే పోసే రైతుకు ఆ నమోదు కూడా అక్కర్లేదు. "అన్నీ" అన్న దగ్గర మీరు ఆగుతారు. రోజూ పాలు కేంద్రానికే పోసి, ఈనిన మూడు రోజులు మాత్రం కేంద్రం వద్దన్నవి వండి అమ్ముకునే మనిషి ఆ "అన్నీ"లో ఉందా, లేదా?

ఆపరేటరు కుర్చీ తిప్పాడు. "సరుకు పేరు ఏం రాయమంటరు సార్? మిఠాయి అని పెట్టన్నా, పాల పదార్థం అని పెట్టన్నా?"

పాలు కాని పాలతో చేసిన పాల పదార్థం. రేపు ఆమెను అడిగి చెబుతానని బయటికొస్తారు. నన్నడిగితే ఆ ఫారం నింపడమే మేలంటాను. వంద రూపాయలకు దొరికే ఆ నంబరు, చెట్టు కింద కూర్చున్న మనిషికి కాస్త ధైర్యం.

నాగర్‌కర్నూల్ చేరేసరికి ఎండ వాలింది. కేసరి సముద్రం మీద గాలి చల్లగా ఉంది. పశువుల ఆసుపత్రి అరుగు మీద కూర్చున్న డాక్టరు జున్ను తింటే ఏమన్నా అవుతుందా అన్న మీ ప్రశ్నను పెద్దగా పట్టించుకోలేదు. "తినేటోళ్ళకు ఏం కాదు, కాచిందే గదా. నా భయం పిండేటోళ్ళ గురించి, మాయ లాగేటోళ్ళ గురించి" అన్నాడు.

ఈసుడు రోగం మాట ఎత్తాడు. చూడి పశువు నెలలు నిండకుండానే ఈసుకుపోతుంది, మాయ ఓ పట్టాన పడదు. దాన్ని ఒట్టి చేతుల్తో లాగినవాడికి, ఆ పశువు పచ్చిపాలు తాగినవాడికి నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ళ నొప్పులు. మలేరియా అనో ఇంకేదో అనో మందులు మింగుతూ తిరుగుతారు. 2019 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన పథకంలో నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆడదూడలకు టీకా వేస్తున్నారు, జన్మకు ఒక్కసారి. "మగదూడకు వెయ్యం. పెద్దదానికి వెయ్యం. ఆ నాలుగు నెలల సందు దాటితే పోయినట్టే" అన్నాడు. పొద్దున కొట్టంలో తోకూపిన దూడ ఆడదేనా అని మీకప్పుడు అనుమానం వస్తుంది. అడగలేదు.

ఇంకోటి కూడా చెప్పాడు, అది నన్ను ఇప్పటికీ వదల్లేదు. 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించారు. యూరియా, డిటర్జెంటు వంటి కల్తీ దొరికినవి 12 మాత్రమే. వాటిలో 9 మన తెలంగాణవి. సిగ్గుపడాల్సిందే. కానీ అసలు సంగతి దాని పక్కనుంది. 5.7 శాతం నమూనాల్లో అఫ్లటాక్సిన్ ఎం1 హద్దు దాటింది. అది కల్తీదారుడు కలిపింది కాదు, దాణాలోంచి వచ్చింది. బూజు పట్టిన పల్లీ చెక్క పశువు తింటే ఆ విషం పాలలోకి దిగుతుంది, మరిగించినా పోదు. పాలమూరంతా పల్లీ పండే నేల. పల్లి తడిసిన ఏడాది చెక్క బస్తా విప్పి వాసన చూసే రైతు ఎంతమంది? పచ్చిపాలా, కాచినవా అని మనం కొట్లాడుకుంటున్నది వేరు, గిన్నెలోకి చేరుతున్నది వేరు.

నల్లమల వైపు చూపించాడు, దూరంగా నీలంగా ఉంది. అమ్రాబాద్ దిక్కు పొడతూర్పు ఆవులుంటాయి, ఒంటిమీద పొడలు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ ఆ జాతికి గుర్తింపునిచ్చింది. ఎడ్ల కోసం పెంచే జాతి, పాలు తక్కువ. "అక్కడ జున్నుపాల పంచాయితీ లేదు" అని నవ్వాడు. "ఉన్నయి దూడకే చాలయి."

బుధవారం పొద్దున మళ్ళీ అదే పాలకేంద్రం. కోడలు రెండు చెంబులు తెచ్చింది. చెంబు దించుతూనే మీరు చెప్పిన వంద రూపాయల సంగతి వింది. పేరు ఏం రాయాలన్నదానికి ఒక్క క్షణం ఆలోచించి "జున్ను అనే రాయమను. మల్ల ఏమంటరు దాన్ని?" అంది. అవ్వ కూడా వచ్చింది, గోడకానుకుని వింటోంది. ఏమీ అనలేదు. దూడ ఆడదేనట.

కుర్రాడు రెండో చెంబులోంచి గాజు గొట్టంలోకి పాలు వంపాడు. ఈని ఐదో రోజు. దీపం వెలిగించాడు. ముగ్గురూ గొట్టం వైపే చూస్తున్నారు. అడుగున బుడగలు లేచాయి, గోడలకు ఒక పలుచటి తెర పట్టి జారింది, ఆ వెంటనే పాలు పొంగి గొట్టం మూతిదాకా వచ్చాయి. పట్టకారు పక్కకు వంచి వెలుతురుకు పెట్టి చూశాడు. ఒక్క పలుకు లేదు.

"పొయ్యి అక్కా" అన్నాడు.

క్యాను మూతి మీద గుడ్డ సర్దుకుని ఆమె చెంబు వంచింది. మిషను చీటీని చర్రున బయటికి తోసింది.